మనసు బాగలేనప్పుడు ఏం చేయాలి: 14 రోజుల నోటు పుస్తకం పద్ధతి

అనంతపురంలో ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతున్నాను. క్లాసు అయ్యాక ఆగి అడిగే పిల్లలు, వరండాలో నిలబడి అడిగే తల్లిదండ్రులు, ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులు, అందరిదీ ఒకటే మాట. "మనసు బాగలేదు సార్. ఎందుకో తెలియదు. ఏం చేయాల?" ఆరేళ్ల కింద నాకే ఆ పరిస్థితి వచ్చింది. అప్పుడు నన్ను చూసిన డాక్టరమ్మ మందుల చీటీతో పాటు ఒక పని అప్పజెప్పింది. రెండు వారాలు రోజూ ఒక పేజీ రాసుకొని రమ్మంది. నెలల తరబడి ఆలోచించినా తెలియని సంగతి ఆ పేజీల్లో కనిపించింది. అడిగినవాళ్లకు విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇప్పుడు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఇది వైద్యానికి బదులుగా చేసుకునేది కాదు. మీ మనసును ఏది కిందికి లాగుతోందో, ఏది నిలబెడుతోందో తెలుసుకోవడానికి, డాక్టర్ దగ్గరికి పోవాలా అన్నది తేల్చుకోవడానికి, పోతే ఏం చెప్పాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు

చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే పుస్తకం, పెన్ను అన్నీ పక్కన పెట్టండి. ఇప్పుడే 14416 కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10 న మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసే ఓపిక కూడా లేకపోతే ఇంట్లో ఒకరిని లేపి "నా పక్కన కూర్చో" అనండి. ఆ ఒక్క మాట చాలు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చోవద్దు, 108 ను పిలిచి నేరుగా పెద్దాసుపత్రికి పోండి.

ఇంట్లో వేరేవాళ్ల గురించి భయంగా ఉంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. సేద్యం చేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు మంచం కిందో, గడప పక్కనో ఉంటాయి. వాటిని ఈ రోజే తీసి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. "ఇంత మాత్రానికే ఆగుతారా?" అని చాలామంది అంటారు. ఆగుతారు. ఆ ఆలోచన అల మాదిరి వచ్చి, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకుండా ఉంటే మనిషి దక్కుతాడు.

కావలసినవి

- నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి. పాత డైరీ అయినా చాలు.
- పెన్ను. పుస్తకం దగ్గరే దారంతో కట్టి పెట్టుకోండి, వెతుక్కోవాల్సి వస్తే మూడో రోజే మానేస్తారు.
- రోజూ ఐదు నిమిషాలు, ఒకే సమయంలో. రాత్రి అన్నం తిన్నాక అయితే మంచిది.
- మీరు నమ్మే మనిషి ఒకరు. ఏమీ చేయనక్కర్లేదు, మీరు ఇది రాస్తున్నారని తెలిస్తే చాలు.

రాయడం రానివాళ్లు ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోవచ్చు. మా మేనత్త చదువుకోలేదు. గోడకు వేలాడే క్యాలెండర్ మీద మంచి రోజుకు పసుపు బొట్టు, చెడ్డ రోజుకు బొగ్గు గీత పెట్టింది. ఆ పద్ధతీ బాగానే పనిచేసింది.

1. మీ బాధకు మీ మాటలోనే పేరు పెట్టండి

మన వైపు ఎవరూ "నాకు డిప్రెషన్" అని రారు. బేజారుగా ఉంది అంటారు. యాష్టగా ఉంది అంటారు. ఒళ్లంతా పీకుతోంది, గుండె దడదడ అంటోంది, కడుపులో గ్యాస్ పైకి తంతోంది, తలకాయ మీద బండ పెట్టినట్టుంది అంటారు. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి నీరసమని సెలైన్ ఎక్కించుకుని వస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే.

మొదటి పేజీలో మీకు ఎలా ఉందో మీ ఇంటి మాటలోనే రాయండి. దిగులా, భయమా, చికాకా, కోపమా? లేక ఏమీ అనిపించకపోవడమా? ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా, ఇష్టమైన కూర వండినా లోపల ఏమీ కదలడం లేదంటే అది కూడా రాయాల్సిన సంగతే. ఒంట్లో ఏ చోట ఎలా ఉందో, ఎప్పటినుంచి ఉందో దాని కింద రాయండి. సరిగ్గా తేదీ గుర్తు లేకపోతే "ఉగాది ముందు", "శెనక్కాయలు పీకినప్పటి నుంచి" అని రాసినా చాలు.

2. మొదటి రోజు కొలత తీసుకోండి

జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టు మనసుకు కూడా కొన్ని కొలతలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు మీద 1998 నుంచి వాడుకలో ఉన్న ఐదు ప్రశ్నల కొలత వాటిలో చాలా తేలిక. గడిచిన రెండు వారాలను గుర్తు చేసుకుని ఒక్కో మాటకు మార్కు వేయండి. ఎప్పుడూ అలాగే ఉంటే 5, ఎక్కువ రోజులు ఉంటే 4, సగం కంటే ఎక్కువైతే 3, సగం కంటే తక్కువైతే 2, ఎప్పుడో ఒకసారి అయితే 1, అసలు లేకపోతే 0.

- సంతోషంగా, హుషారుగా ఉన్నాను.
- నిమ్మళంగా, ప్రశాంతంగా ఉన్నాను.
- చురుగ్గా, ఓపికగా ఉన్నాను.
- పొద్దున లేచేసరికి విశ్రాంతి దొరికినట్టు ఒళ్లు తేలిగ్గా ఉంది.
- నాకు ఆసక్తి ఉన్న పనులతో రోజులు గడిచాయి.

మొత్తం 25 కు ఎన్ని వచ్చాయో చూసుకోండి. 13 కంటే తక్కువ వచ్చినా, ఏ ఒక్కదానికి 0 గానీ 1 గానీ వచ్చినా డాక్టర్‌కు చూపించుకోవడం మంచిది. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, చూపించుకోమని చెప్పే గుర్తు, అంతే. తేదీ వేసి మార్కు రాసి పెట్టండి, నెల తర్వాత మళ్లీ కావాలి.

జాగ్రత్త: ఈ ప్రశ్నలు ఇంట్లో ఇంకొకరికి మీరే మార్కులు వేయడానికి కాదు. "నీకు ఏడే వచ్చాయి చూడు" అని కూతురిని నిలదీసిన ఒక తండ్రిని నేనెరుగుదును. ఆ పిల్ల తర్వాత నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

3. రోజూ ఒక పేజీ రాయండి

పెద్ద కథ రాయొద్దు. ఏడు గీతలు, ఒక్కోదాని ఎదురుగా రెండు మూడు మాటలు. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి, తన పేరు చెప్పకుంటే చూపించుకోమంది కాబట్టి, ఆమె పేజీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

మంగళవారం.
నిద్ర: 11 కు పడుకుంటి, 3 కు మెలకువ, మళ్లీ పట్టలేదు.
తిండి: పొద్దున లేదు. మధ్యాహ్నం సంగటి. రాత్రి రెండు ముద్దలు. టీ 5.
ఒళ్లు: ఇంటి పని తప్ప బయటికి పోలేదు.
మనుషులు: పక్కింటి అక్కతో పది నిమిషాలు.
డబ్బు, పని: వడ్డీ అడగను ఫోన్ వచ్చె. ఎత్తలేదు.
ఫోన్, తాగుడు: ఆయన తాగొచ్చె. నేను ఫోన్ 1 దాకా చూస్తి.
మార్కు: 3.

చివరి గీతలో మార్కు 0 నుంచి 10 దాకా వేయాలి. భరించలేనంత చెడ్డ రోజైతే 0, ఇంతకంటే బాగుండదు అనిపిస్తే 10. ఇంకొకరి రోజుతో పోల్చుకోవద్దు, మీ నిన్నటితోనే పోల్చుకోండి.

ఆ పేజీలో ఒక సంగతి గమనించండి. "11 కు పడుకుంటి" అని రాసింది, కింద "ఫోన్ 1 దాకా" అని రాసింది. అబద్ధం రాసిందని కాదు. మంచం మీద వాలిందే లెక్కగా తీసుకుంది, నిద్ర మాత్రం ఒంటి గంట తర్వాతే పట్టింది. ఈ రెండు గీతలూ పక్కపక్కన కనపడేదాకా ఆమెకే తెలియదు. పుస్తకం పని ఇదే.

ఒక రోజు తప్పిపోతే మరుసటి రోజు వెనక్కి వెళ్లి ఊహించి రాయకండి. ఖాళీగా వదిలేయండి. రాయలేకపోయిన రోజులు కూడా ఏదో చెబుతాయి. బాధగా ఉన్న రోజే రాస్తామంటే మాత్రం కుదరదు. మంచి రోజులు పుస్తకంలో లేకపోతే, ఏది మిమ్మల్ని నిలబెట్టిందో ఎలా తెలుస్తుంది?

4. పదిహేనో రోజు కూర్చుని చదవండి

పగటి పూట చదవండి, రాత్రి వద్దు. రాత్రి చదివితే అంతా నల్లగానే కనిపిస్తుంది. ముందుగా ఎక్కువ మార్కులు వచ్చిన మూడు రోజులకు గీత గీయండి, తర్వాత తక్కువ వచ్చిన మూడింటికి. ఆ రోజునే కాకుండా, దానికి ముందు రోజు ఏం జరిగిందో కూడా చూడండి. నిద్ర చెడిన ఫలితం మరుసటి రోజు మార్కులోనే కనపడుతుంది.

నా సంగతి చెబుతాను. నన్ను ఉద్యోగమే తినేస్తోందని గట్టిగా నమ్మాను. ట్రాన్స్‌ఫర్ కోసం కూడా తిరిగాను. పుస్తకం చూస్తే కాలేజీ ఉన్న రోజుల మార్కులు, సోమవారం తప్ప, ఐదు, ఆరు. రెండు ఆదివారాలూ రెండేసి, రెండు సోమవారాలూ మూడేసి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు పడుకున్నాను, ఎవరితోనూ మాట్లాడలేదు, రాత్రి రెండు దాకా మేలుకున్నాను. ఎందుకు ఆదివారమే అని డాక్టరమ్మ అడిగింది. చెప్పబోయి నోరు పెగల్లేదు. మా నాయన ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున బస్సెక్కి ఊరికి పోయేవాణ్ణి. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఆదివారాలు అట్లే ఖాళీగా పడి ఉన్నాయి. నేనేమో పాపం కాలేజీని తిట్టుకుంటున్నాను.

మీ పుస్తకంలో కనిపించినవాటిని నాలుగు కుప్పలుగా వేసుకోండి: ఒంట్లో ఉన్నవి, రోజువారీ అలవాట్లు, మనుషులు, బయటి పరిస్థితులు. నాలుగో కుప్ప గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బోరు ఎండిపోవడం, పంట పోవడం, అప్పు, మొగుడి తాగుడు, కువైట్‌కు పోయిన మనిషి దగ్గర్నుంచి ఫోన్ రాకపోవడం, ఇవి మీ మనసులోని లోపాలు కావు. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని జిల్లాలో శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే మనిషికి టెన్షన్ రావడం బలహీనత ఎట్లా అవుతుంది? బయటి కారణానికి బయటే పని జరగాలి. ధ్యానం చేసి అప్పు తీర్చలేం.

జాగ్రత్త: రెండు సంగతులు ఒకే రోజు కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చేయకండి. "బయటికి పోని రోజు బాగలేదు" అని ఉంటే, బయటికి పోకపోవడం వల్ల బాగలేదా, బాగలేకపోవడం వల్ల బయటికి పోలేదా? ఆరో అడుగులో మార్చి చూస్తే గానీ తెలియదు.

5. ఒంటిని పరీక్ష చేయించుకోండి

దీన్ని దాటేసి పోవద్దు. థైరాయిడ్ తక్కువైతే మందకొడితనం, దిగులు వస్తాయి. ఎక్కువైతే గుండెదడ, చేతులు వణకడం, కంగారు వస్తాయి. రక్తం తక్కువైనా, బీ12 తక్కువైనా, షుగర్ అదుపు తప్పినా నీరసం, చికాకు ఉంటాయి. మా వీధిలో ఒకావిడకు రెండేళ్లు "నరాల బలహీనత" అని ఇంజెక్షన్లు వేశారు. చివరికి థైరాయిడ్ అని తేలింది. రోజూ పొద్దున ఒక మాత్రతో ఇప్పుడు బాగుంది.

డాక్టర్‌ను అడిగి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, వీలైతే బీ12 చూపించుకోండి. ఇప్పటికే వేరే జబ్బుకు వాడుతున్న మాత్రల చీటీలు కూడా తీసుకుపోండి, కొన్ని మందుల వల్ల కూడా మనసు దిగులుపడుతుంది.

ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు "టెన్షన్ వల్లే" అని మీకు మీరే చెప్పుకోవద్దు. ముందు ఈసీజీ తీయించండి. గుండె బాగుందని డాక్టర్ చెప్పిన తర్వాతే మనసు గురించి ఆలోచించండి.

6. ఒక్కటే మార్చండి, రెండు వారాలు చూడండి

కనిపించినవన్నీ ఒకేసారి మార్చినవాళ్లు వారంలో అన్నీ వదిలేస్తారు. పుస్తకం చదివాక, అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించినదాన్ని పట్టుకోండి.

*నిద్ర అయితే:* పడుకునే సమయం మన చేతిలో ఉండదు, లేచే సమయం ఉంటుంది. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా, ఆదివారమైనా, పొద్దున ఒకే గంటకు లేవండి. లేచిన వెంటనే పది నిమిషాలు వెలుతురులో నిలబడండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. టీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత టీ ఆపి చూడండి. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, రోజుకొకటి తగ్గించండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు. లేచి మసక వెలుతురులో ఏదైనా చిన్న పని చేసి, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోండి.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. మే నెలలో కడప, కర్నూలు, అనంతపురం మూడు చోట్లా 40 డిగ్రీలు దాటడం మామూలే. బండలు పరిచిన మిద్దె నడిరేయి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ నెలల్లో నిద్ర చెడితే తప్పు మీది కాదు. సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లడం, పడుకునే ముందు స్నానం, తడి గుడ్డతో కిటికీ, వీలుంటే ఆరుబయట మంచం, ఇవి ముందు చేసి ఆ తర్వాత మార్కు చూడండి.

*కదలిక అయితే:* రోజూ ఇరవై నిమిషాల నడక. మనసు వచ్చాక పోదాం అనుకుంటే మనసు రాదు. చెప్పులు వేసుకుని గేటు దాటాక ఐదు నిమిషాలకు వస్తుంది. నడక కుదరని ఆడవాళ్లకు మిద్దె మీద తిరగడమైనా, పొద్దునే గుడి దాకా పోయిరావడమైనా నడకే.

*ఆలోచనలు ఆగకపోతే:* సాయంత్రం ఆరు నుంచి ఆరుం పావు దాకా చింతలకే కేటాయించండి. ఆ పావుగంటలో చింతలన్నీ ఒక కాగితం మీద రాయండి. మిగతా సమయంలో ఏదన్నా గుర్తుకొస్తే "సాయంత్రం చూద్దాం" అని పక్కకు పెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు అసలు కుదరదు. తర్వాత నెమ్మదిగా అలవాటవుతుంది.

*అప్పు అయితే:* కామర్స్ మాస్టర్‌ని కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. అప్పుల భయంలో సగం, ఎంత ఉందో తెలియకపోవడం వల్ల వస్తుంది. ఒక కాగితం మీద ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి ఇవ్వాలి అని నాలుగు గడులు గీయండి. బంగారం మీద తెచ్చింది, చీటీ పాట కట్టాల్సింది, అంగడి బాకీ, ఒక్కటీ వదలొద్దు. "నూటికి రెండు" అంటే చిన్నగా వినపడుతుంది. అది ఏడాదికి 24 శాతం. నూటికి మూడైతే 36. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతమే, గడువు లోపల కడితే 4 శాతం పడుతుంది. ఎక్కువ వడ్డీది ముందు తీర్చే దారి ఉందేమో బ్యాంకులో అడగండి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం కంటే, మనమే ఫోన్ చేసి "ఈ నెల ఇంత ఇస్తా, మిగతాది ఫలానా నెలలో" అని చెప్పడం మేలు. పైన పేజీ చూపించిన తల్లి మొదట చేసింది ఇదే. అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు. అయినా వారానికి మార్కు 3 నుంచి 5 కు వచ్చింది, 3 గంటలకు మెలకువ రావడం తగ్గింది.

*తాగుడు అయితే:* రోజూ ఎక్కువ తాగే మనిషి ఇంట్లోనే ఒక్కసారిగా మానేయకూడదు. వణుకు, భ్రమలు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో మందులతో మాన్పిస్తారు. మాన్పించాలని ఒట్లు వేయించే ముందు ఈ సంగతి ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి.

నేనేం మార్చానంటారా? ఆదివారం పొద్దున మళ్లీ అదే బస్సెక్కాను. నాయన లేని ఇంటికి పోలేక మేనత్త ఇంటికి పోయాను. క్యాలెండర్ మీద బొగ్గు గీతలు అప్పుడే చూశాను. నాకంటే ముందు నుంచి ఆమె గీస్తోంది. తమ్ముడు పోయినప్పటి నుంచి.

7. ఇంట్లో ఒకరికి చెప్పండి

ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. పుస్తకం చేతికిచ్చి "ఇది చదువు, ఇప్పుడే ఏమీ చెప్పొద్దు" అంటే చాలు. పొద్దుపోయాక, గొడవ మధ్యలో, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పొద్దు. పక్కపక్కన నడుస్తూ చెబితే తేలిక, కళ్లలోకి చూడనక్కర్లేదు.

మీకే ఎవరైనా ఇలా చెబితే "ఇంత చిన్నదానికేనా", "నీకేం తక్కువ", "మేమెన్ని పడలేదు" అనకండి. ఈ మూడు మాటలూ తలుపు మూసేస్తాయి. "ఎప్పటినుంచి?" అని అడగండి, తర్వాత ఊరికే వినండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. పైగా ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది.

దిష్టి తీయించడం, మొక్కు, దర్గాలో తాయెత్తు, వీటిని నేను కాదనను. మా అమ్మ కూడా నన్ను మంత్రాలయం తీసుకుపోయింది, తుంగభద్ర ఒడ్డున కూర్చున్న ఆ సాయంత్రానికి పుస్తకంలో 6 వేసుకున్నాను. అక్కడికి పోండి, డాక్టర్ దగ్గరికీ పోండి. డాక్టర్ ఇచ్చిన మందు మాన్పించి, కట్టేసి, కొట్టి బాగుచేస్తామనే చోటికి మాత్రం మనిషిని అప్పజెప్పకండి.

8. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి

రెండు వారాలకు మించి చాలా రోజులు దిగులుగానో, దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉంటే, పని చేసుకోలేకపోతుంటే, తిండీ నిద్రా బాగా చెడితే పోవాలి. ఎవరికీ వినపడని మాటలు వినపడుతుంటే, లేని అనుమానాలు వస్తుంటే, నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు ఉంటే 14 రోజులు ఆగకుండా వెంటనే పోవాలి. బాలింతలకు కాన్పు తర్వాత కొద్ది రోజులు ఏడుపు రావడం సాధారణం. అది రెండు వారాలు దాటినా, బిడ్డను చూస్తే భయం వేసినా "బాలింత నీరసం" అని వదిలేయకండి.

కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఓపీ చీటీ తీసుకునేటప్పుడు "సైకియాట్రీ" అని అడగండి. మిగతా ఓపీల మాదిరిగానే ఇక్కడా పొద్దున పోవాలి. 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మన పక్కనే బళ్లారి జిల్లాలో పల్లెలకు ఈ వైద్యాన్ని తీసుకుపోయి చూశారు. ఆ అనుభవంతోనే 1996 లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అంటే పల్లె మనుషుల కోసమే కట్టిన దారి ఇది, మొహమాటపడకండి.

పుస్తకం తీసుకుపోండి. ఐదు నిమిషాల్లో చెప్పలేనిది అందులో ఉంటుంది. "నలుగురికీ తెలుస్తుందేమో" అన్న భయం ఉంటే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు దీనికి మినహాయింపు.

మందులు రాస్తే: దిగులుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, తలనొప్పి రావచ్చు. "వారం వేసుకున్నా ఏమీ కాలేదు" అని మానేయడం మన వైపు అందరూ చేసే తప్పు. రెండో తప్పు బాగైందని రెండో నెలలోనే మానేయడం. ఆపాలంటే డాక్టరే నెమ్మదిగా తగ్గించి ఆపుతారు. నిద్రమాత్రల సంగతి వేరు, వాటిలో కొన్ని అలవాటవుతాయి. పాత చీటీతో మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనొద్దు, పక్కింటివాళ్ల మాత్ర అసలే వద్దు.

డాక్టర్ మీ మాట వినకుండా చీటీ రాసి పంపితే? నాకూ మొదటిసారి ఒకచోట అలాగే అయింది. అప్పుడు ఇదంతా వదిలేద్దామనుకున్నాను. వదిలేయకండి, వేరే డాక్టర్‌ను చూడండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఎక్కువమంది తొమ్మిదో రోజు దగ్గర ఆపుతారు, కొంచెం బాగుండేసరికి. పద్నాలుగూ పూర్తి చేయండి.

ఇంకొందరు పుస్తకాన్ని తిట్ల పుస్తకం చేస్తారు. "నేను దేనికీ పనికిరాను" అని పేజీ నిండా రాస్తారు. అలా రాయాలనిపిస్తే ఆ ఒక్క మాట రాసి, పక్కన అది అనిపించిన గంట వేయండి. గంట చూస్తే చాలాసార్లు అది ఆకలి వేళో, నిద్ర లేని రాత్రో అయి ఉంటుంది.

పిల్లల పుస్తకం దొంగచాటుగా చదవొద్దు. ఇంటర్, నీట్ చదివే పిల్లలకు చెప్పేటప్పుడు "మార్కు" అనొద్దు, మార్కులతోనే వాళ్లకు ప్రాణం విసిగి ఉంటుంది. రంగు వేయమనండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

మార్పు మొదలుపెట్టి రెండు వారాలయ్యాక, అంటే మొత్తం నెల దగ్గర, ఆ ఐదు ప్రశ్నలకు మళ్లీ మార్కులు వేయండి. మొదటి రోజుది చూడకుండా వేయాలి. 25 లో 3 మార్కులు పెరిగితే అది నిజమైన మార్పు, అదే పని కొనసాగించండి. ఒకటో రెండో పెరిగితే ఇంకో రెండు వారాలు చూడండి. పెరగకపోతే మీరు పట్టుకున్నది అసలు కారణం కాకపోవచ్చు, నాలుగో అడుగుకు తిరిగి పోయి రెండోదాన్ని తీసుకోండి. తగ్గితే, లేదా రెండోసారి కూడా 13 కంటే తక్కువే వస్తే, ఇంకేమీ మార్చి చూడొద్దు. రెండు కొలతలూ ఉన్న ఆ పుస్తకం తీసుకుని ఎనిమిదో అడుగుకు పోండి.

పుస్తకం కొనగానే చివరి పేజీలో రెండో కొలత తేదీ వేసి, కింద 14416 అని పెద్దగా రాసి పెట్టుకోండి.